యంత్రం నిర్ణయిస్తే జవాబుదారి ఎవరు?

కృత్రిమ మేధ అనగా గుర్తింపు, అంచనా, ఎంపిక వంటి బుద్ధితో చేసే పనులను కంప్యూటరు చేత చేయించే విధానం. శ్రామికుల జీవితంలోకి ఇది రెండు దారుల్లో వస్తుంది. మనిషి చేసే పనిని యంత్రానికి అప్పగించడం ఒకటి. మనిషిపై పెత్తనాన్ని యంత్రానికి అప్పగించడం రెండవది. మొదటిదానికి కార్మిక చట్టం కొంత సమాధానం చెప్పింది. రెండవదానికి ఇంకా చెప్పవలసి ఉన్నది.

కొత్త యంత్రం, పాత నియమం

రాయగడ దగ్గరి కాగితపు మిల్లు, తెరుబలి ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం, దామన్‌జోడి అల్యూమినా శుద్ధి కర్మాగారం, సునాబెడ విమాన ఇంజన్ల కర్మాగారం ఈ రెండు జిల్లాలలో వేల కుటుంబాలకు ఆధారం. ఇటువంటి చోట్ల యంత్రాలలో గాని, పని పద్ధతిలో గాని తెచ్చే మార్పు వల్ల ఉద్యోగాలు పోయే అవకాశం ఉంటే, యజమాని 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 9ఎ సెక్షను నిర్దేశించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 కూడ 40వ సెక్షనులో ఈ నియమాన్ని నిలుపుకొన్నది. కృత్రిమ మేధ కూడ ఒక పని పద్ధతియే కనుక దానికీ ఈ నియమం వర్తించాలి.

తొలగించబడిన కార్మికునికి పూర్తయిన ప్రతి సేవా సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా రావాలి. దీనికి అదనంగా, కొత్త నైపుణ్యం నేర్చుకొనుటకు ఏర్పడిన నిధి నుండి 15 రోజుల వేతనం 45 రోజులలో జమ కావాలి.

అయితే గడువు ఉద్యోగి గడువు ముగిసి వెళ్లిపోతే చట్టం దానిని తొలగింపుగా లెక్కించదు. కాంట్రాక్టు కార్మికునికి యజమాని కాంట్రాక్టరే. యంత్రాన్ని తెచ్చేది మాత్రం కర్మాగారం. యంత్రం వల్ల ముందుగా పని పోయేవారికే రక్షణ తక్కువగా ఉన్నది.

యంత్రపు పెత్తనం

గ్రామీణ ఉపాధి హామీ పనులలో రోజుకు రెండుసార్లు మొబైల్ యాప్‌లో ఫొటో తీసి హాజరు నమోదు చేయడాన్ని 2023 జనవరి 1 నుండి తప్పనిసరి చేశారు. ఇది కృత్రిమ మేధ కాకపోయినా మంచి పాఠమే. సిగ్నల్ అందని కొండ మీద చెమటోడ్చినా, ఫొటో చేరకపోతే కూలి లెక్కకు రాదు. రేపు ముఖ గుర్తింపు యంత్రం ఒక మహిళా కార్మికురాలిని పోల్చుకొనలేకపోతే, పనికి వచ్చినట్లు ఋజువు చేయవలసిన భారం ఆమెపై పడరాదు.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ఉద్యోగ అవసరాల కోసం కార్మికుని సమాచారాన్ని అతని సమ్మతి లేకనే వాడుకొనుటకు వీలు కల్పిస్తున్నది. కనుక సమ్మతి కాగితంపై ఆధారపడి లాభం లేదు. కార్మిక చట్టమే హద్దులు గీయాలి. కర్ణాటక 2025లో చేసిన గిగ్ కార్మికుల చట్టం, యాప్ తీసుకొనే నిర్ణయాల తీరును కార్మికులకు తెలపాలని, తొలగింపునకు కారణం చెప్పి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని నిర్దేశించింది. ఆ సూత్రాన్ని కర్మాగారాలకు, కాంట్రాక్టు పనులకు కూడ విస్తరింపజేయవచ్చు.

చట్టంలో చేర్చదగినవి

1. నోటీసు కాంట్రాక్టు, గడువు ఉద్యోగులకు కూడ అందాలి. ఒడియా, తెలుగు భాషలలో వ్రాసి, కువి, సవర మాట్లాడేవారికి వారి భాషలో చదివి వినిపించాలి.
2. కూలి కోతను, తొలగింపును యంత్రం ఒక్కటే నిర్ణయించరాదు. సంతకం చేసిన అధికారి ఒకరు బాధ్యత వహించాలి.
3. యంత్రం తప్పినచోట మేస్త్రీ పుస్తకంలోని హాజరు చెల్లాలి.
4. ఋజువు భారం యజమానిపై ఉండాలి.

ఇప్పుడు చేయదగినది

చట్టం మారే వరకు పని చేసిన తేదీలను, గంటలను సొంతంగా వ్రాసి ఉంచుకొనవలెను. కూలి కోసినచో కారణాన్ని వ్రాతపూర్వకంగా అడుగవలెను. ఫిర్యాదు జిల్లా కార్మిక అధికారికి, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల విషయమైతే కేంద్ర కార్మిక శాఖకు చేయవచ్చు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉన్నది. అందుకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. యంత్రాన్ని ప్రశ్నించడం సాధ్యం కాదు. దానిని నిలిపిన వారిని ప్రశ్నించడం శ్రామికుని హక్కు.