ఒక్క ట్రిప్పు తీసేస్తే

పల్లెటూరి వాళ్ళని వెక్కిరించడానికి తెలుగులో "ఎర్రబస్సు ఎక్కి వచ్చావా?" అంటారు. మరాఠీలో ఆ ఎర్రబస్సుకే ముద్దుపేరు "లాల్ పరి", అంటే ఎర్ర దేవకన్య. మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది మరాఠీ. అందుకని ఈ రెండు మాటలూ వింటూనే పెరిగాను. ఒక భాషలో వెక్కిరింత, ఇంకో భాషలో ముద్దు. కానీ ఆ బస్సు రాకపోతే ఏమవుతుందో చెప్పే మాట మాత్రం రెండు భాషల్లోనూ నాకు దొరకలేదు. అందుకే ఈ వ్యాసం.

ముందు మేడమ్‌కి ఒక సంజాయిషీ. ఛందస్సు క్లాసు సగంలో నేను ఎందుకు లేచి వెళ్తున్నానని మీరు రెండుసార్లు అడిగారు. నేను తల వంచుకుని ఊరుకున్నాను. మా బస్తీ చంద్రపూర్ శివారులో, బల్లార్పూర్ వైపు ఉంటుంది. సాయంత్రం మా వైపు వచ్చే బస్సుల్లో ఒకటి ఈ ఏడాది ఆగిపోయింది. దాని ముందు బస్సు అందుకోవాలంటే యగణం, భగణం మధ్యలోనే వదిలేసి పరుగెత్తాలి. ఆ బస్సు ఎవరు తీశారు, తప్పు ఎవరిది అన్నది నేను ఇక్కడ రాయడం లేదు. ఒక్క ట్రిప్పు పోతే దానితో పాటు ఏమేం పోతాయో లెక్క వేద్దామని కూర్చున్నాను.

లెక్క మా ఇంటి నుంచే మొదలుపెడతాను. మహారాష్ట్ర ఎస్టీ బస్సుల్లో 75 ఏళ్ళు దాటిన వాళ్ళకి 2022 ఆగస్టు నుంచి ప్రయాణం ఉచితం. 2023 మార్చి 17 నుంచి ఆడవాళ్ళందరికీ సగం టికెట్టు. కాలేజీ విద్యార్థుల పాసుకి సుమారు మూడింట రెండు వంతుల రాయితీ. అహిల్యాదేవి హోళ్కర్ పేరుతో ఉన్న పథకం కింద బడికి వెళ్ళే ఆడపిల్లలకి పాసు ఉచితం.

ఒక చోటికి పూర్తి టికెట్టు 30 రూపాయలు అనుకుందాం. మా అమ్మమ్మ, అమ్మ, నేను, బడికెళ్ళే మా చెల్లి నలుగురం బస్సెక్కాం. అమ్మమ్మకి సున్నా, అమ్మకి 15, నాకు 10, చెల్లికి సున్నా. మొత్తం 25 రూపాయలు. ఆ బస్సు రాలేదు, షేర్ ఆటో ఎక్కాం. ఆటో కూడా మనిషికి 30 రూపాయలే అడిగిందనుకున్నా మొత్తం 120 అవుతుంది. ఆటోవాడు ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోలేదు. అయినా మాకు ఖర్చు దాదాపు అయిదు రెట్లు పెరిగింది.

నాకు అర్థమైన మొదటి పాఠం ఇదే. రాయితీ మన చేతిలో ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, నిజానికి అది బస్సుకి కట్టి ఉంటుంది. బస్సు పోతే రాయితీ కూడా దాంతో పాటే పోతుంది. సొంత బండి ఉన్న వాళ్ళకి ఇందులో పోయేదేమీ లేదు. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, చదువుకునే పిల్లలు, ఎవరి కోసం రాయితీలు పెట్టారో వాళ్ళకే నష్టం మొత్తం.

మా అమ్మమ్మని అడిగాను, బస్సు లేకపోతే ఏం చేస్తావని. "ఏం చేస్త బిడ్డా, దవాఖానకు పోవుడు బంద్ చేస్త. మోకాళ్ళ నొప్పి దానంతటదే తగ్గుతది తియ్" అంది. నవ్వుతూనే అంది. ఆమె పోగొట్టుకున్నది బస్సు కాదు, డాక్టరుని. మా పక్కింటి అక్క చంద్రపూర్‌లో కూరగాయలు అమ్ముతుంది. చీకటి పడితే తిరిగి వచ్చే దారి లేదని ఇప్పుడు మూడింటికే గంప దించిన ధరకి అమ్మేసి వస్తోంది. ఆమె పోగొట్టుకున్నది సాయంత్రం బేరం. మా స్టాపులో కిందటేడు ముగ్గురం కాలేజీ అమ్మాయిలం ఉండేవాళ్ళం. ఇప్పుడు ఇద్దరమే ఉన్నాం.

రెండో పాఠం ఇంకొంచెం చిక్కుది. బస్సుల వాళ్ళు ట్రిప్పుకి ఆక్యుపెన్సీ రేషియో చూస్తారు. అంటే వంద సీట్లుంటే ఎన్ని నిండాయి అన్న లెక్క. సీట్లు నిండకపోతే నష్టం, నష్టమైతే ట్రిప్పు రద్దు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ సాయంత్రం చివరి బస్సు తీసేస్తే, తిరిగొచ్చే దారి లేని మనిషి పొద్దున బస్సు కూడా ఎక్కడు. అప్పుడు పొద్దుటి బస్సూ ఖాళీ అవుతుంది. "చూశారా, జనం లేరు" అని దాన్నీ తీసేస్తారు. జనం లేక బస్సు పోయిందా, బస్సు లేక జనం పోయారా? కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

పెద్ద ఊళ్ళోనూ ఇదే జరిగింది. తెలంగాణలో 2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. ఆ తర్వాత హైదరాబాద్ సిటీ బస్సుల్లో దాదాపు వెయ్యి తగ్గించారు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం రాగానే బస్సుల్లో కాలు పెట్టడానికి చోటు లేకుండా పోయింది. అంతమంది ఆడవాళ్ళు ఆ రోజే కొత్తగా పుట్టలేదు కదా! అంతకు ముందూ వాళ్ళకి వెళ్ళవలసిన పనులు ఉన్నాయి. వాళ్ళు సీట్ల లెక్కలో లేరు, అంతే.

మన దగ్గర 2021 అక్టోబరు చివర్లో ఎస్టీ కార్మికుల సమ్మె మొదలైంది. తమని ప్రభుత్వంలో విలీనం చేయాలని అడిగారు. వాళ్ళ జీతాల కష్టం నిజం, నేను వాళ్ళని తప్పు పట్టను. కానీ కొవిడ్ తర్వాత అక్టోబరు 4న బడులు తెరిచారు, నెల తిరగకుండా బస్సులు ఆగాయి. అప్పుడు నేను పదో తరగతి. 2022 మార్చి 15న పరీక్షలు మొదలైనా సమ్మె తీరలేదు. ఏప్రిల్‌లో గానీ అందరూ పనిలోకి రాలేదు. నన్ను నాన్న బండి మీద దింపారు. బండి లేని ఇంటి పిల్లలు హాల్‌టికెట్టు పట్టుకుని రోడ్డు పక్కన చెయ్యెత్తి నిలబడటం చూశాను. సిలబస్ అందరికీ ఒకటే, దారి ఒకటి కాదు.

సమ్మె అయితే పేపర్లో వస్తుంది, ఎప్పుడో ఒకప్పుడు ముగుస్తుంది. ఒక్క ట్రిప్పు పోతే ఏ పేపర్లోనూ రాదు. మనమే సర్దుకుంటాం. ఒకరు క్లాసు మధ్యలో లేస్తారు, ఒకరు డాక్టరు దగ్గరికి వెళ్ళరు, ఒకరు చదువు మానేస్తారు. ఇలా సర్దుకునే వాళ్ళు ఎక్కే సీటు ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తుంది. అందుకే సర్దుకోవడం మానేసి లెక్క రాద్దాం అంటున్నాను.

ఈ వ్యాసం కింద ఒక తెల్లకాగితం గుచ్చాను. మీ స్టాపు పేరు, మీకు కావలసిన బస్సు టైము, బస్సు రాని తేదీలు ఒక నెల పాటు రాయండి. బస్సు లేక వదులుకున్న పని ఏదైనా ఉంటే అదీ రాయండి. నెలాఖరుకి డిపోకి అర్జీ మరాఠీలో నేను రాస్తాను. మేడమ్, మీరు కూడా ఒక సంతకం పెట్టాలి. ఛందస్సు క్లాసు పూర్తిగా వినాలని నాకూ ఉంది.