పన్ను రాయితీ ఎవరి పేరున, ఎవరి చేతికి?
ఏజెన్సీలో యూనిట్ పెట్టాలనుకునే గిరిజన, దళిత సోదర సోదరీమణుల కోసం ఒక పాఠం

ఈ పాఠం ఎవరికి?

భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాల్లో ఉంటూ సొంతంగా చిన్న పరిశ్రమ గానీ, యంత్రాలతో నడిచే సర్వీసు గానీ పెట్టాలనుకునే ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు. ఇప్పటికే "మీ పేరు మీద యూనిట్ పెడదాం, సబ్సిడీ వస్తుంది" అని ఎవరైనా మీ ఇంటికి వచ్చి ఉంటే, మీకు ఇంకా ముఖ్యం. పూర్తిగా చదవండి. చదవడం రాని పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

రాయితీ అంటే అసలు ఏంటి?

హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలకు ప్రభుత్వం పన్ను రాయితీలు ఇస్తుందని టీవీలో వింటాం. ఖమ్మంలో కూడా 2020 డిసెంబర్‌లో ఐటీ హబ్ మొదలైంది. "అవన్నీ పెద్దోళ్లకే, మనకేం ఉంటాయి" అనుకుంటాం. నిజానికి మనకూ ఉన్నాయి. కాకపోతే రాయితీలు అన్నీ ఒకే రకం కాదు. మూడు రకాలు గుర్తుంచుకోండి.

1. కౌంటర్ దగ్గరే మాఫీ. పన్ను అసలు కట్టించుకోరు. ఉదాహరణకు ఎలక్ట్రిక్ బండ్లు. 2024 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఎలక్ట్రిక్ బైకు, ఆటో, కారు, చిన్న సరుకు బండి, ట్రాక్టర్ కొని తెలంగాణలోనే రిజిస్ట్రేషన్ చేయిస్తే, 2026 డిసెంబర్ 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ఉండవు. దీనికి కులం, ఆదాయం షరతు లేదు.

2. ముందు కట్టు, తర్వాత తీసుకో. మన పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్ లాంటిదే. ముందు మనం కట్టాలి, కాగితాలు పెట్టాలి, తర్వాత ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. పరిశ్రమలకు ఇచ్చే రాయితీలు ఎక్కువ భాగం ఈ రకమే.

3. లాభం మీద పన్ను లేకుండా కొన్నేళ్లు. ఇది కేంద్రం స్టార్టప్‌లకు ఇచ్చేది. గుర్తింపు పొంది, అర్హత సర్టిఫికెట్ తెచ్చుకున్న స్టార్టప్, మొదటి పదేళ్లలో వరుసగా ఏవైనా మూడేళ్ల లాభంపై ఆదాయపు పన్ను కట్టనక్కర్లేదు. అయితే అది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ గానీ, ఎల్‌ఎల్‌పీ గానీ అయి ఉండాలి. మీ ఒక్కరి పేరు మీద నడిచే యూనిట్‌కు ఇది వర్తించదు.

మన పాఠం రెండో రకం గురించి. ఎక్కువ మంది మోసపోయే అవకాశం ఉన్నదీ అందులోనే.

టీ-ప్రైడ్‌లో ఏముంది?

ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2014లో తెచ్చిన పథకం టీ-ప్రైడ్. సూక్ష్మ, చిన్న యూనిట్లకు అందులో ఉన్న ముఖ్యమైన రాయితీలు ఇవి:

- పెట్టుబడి సబ్సిడీ: షెడ్డు, యంత్రాల ఖర్చులో 35 శాతం. గరిష్ఠంగా 75 లక్షలు. మహిళలకు, షెడ్యూల్డ్ ప్రాంతంలో యూనిట్ పెట్టే ఎస్టీలకు అదనపు శాతం ఉంది.
- విత్తన మూలధనం: మొదటి తరం వాళ్లు సూక్ష్మ యూనిట్ పెడితే యంత్రాల ఖర్చులో 20 శాతం. ఇది అదనం కాదు, పైన చెప్పిన సబ్సిడీలోంచే తగ్గిస్తారు.
- జీఎస్టీలో రాష్ట్రం వాటా: మీరు నికరంగా కట్టిన ఎస్‌జీఎస్టీ ఐదేళ్ల పాటు నూరు శాతం వాపసు.
- కరెంటు: యూనిట్‌కు రూపాయిన్నర చొప్పున ఐదేళ్లు వాపసు.
- పావలా వడ్డీ: బ్యాంకు వడ్డీలో 3 శాతం మీరు భరిస్తే, దానిపైన ఉన్నది (9 శాతానికి మించకుండా) ఐదేళ్లు వాపసు.
- స్టాంపు డ్యూటీ: పరిశ్రమ కోసం కొన్న భూమిపై కట్టినది వాపసు.

ఈ శాతాలు, పరిమితులు 2014 ఉత్తర్వులోవి. మీరు దరఖాస్తు పెట్టే రోజున ఏ ఉత్తర్వు అమల్లో ఉందో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఒక లెక్క వేసి చూద్దాం

దుమ్ముగూడెం మండలంలో ఒక ఎస్టీ సోదరి చిరుధాన్యాలు, అటవీ ఫలసాయం ఆరబెట్టి ప్యాక్ చేసే యూనిట్ పెట్టిందనుకుందాం. సోలార్ డ్రయ్యర్, గ్రేడింగ్ యంత్రం, ప్యాకింగ్ యంత్రం కలిపి 14 లక్షలు. షెడ్డు 6 లక్షలు. మొత్తం 20 లక్షలు. అందులో 15 లక్షలు బ్యాంకు అప్పు, వడ్డీ 11 శాతం.

*సబ్సిడీ:* 20 లక్షల్లో 35 శాతం అంటే 7 లక్షలు. విత్తన మూలధనం కింద 2 లక్షల 80 వేలు తీసుకుంటే, మిగిలేది 4 లక్షల 20 వేలు. రెండూ కలిపినా 7 లక్షలే.

*వడ్డీ:* మొదటి ఏడాది 15 లక్షలపై 11 శాతం, అంటే లక్షా 65 వేలు. మీ వాటా 3 శాతం, 45 వేలు. వాపసు రావాల్సింది లక్షా 20 వేలు. అసలు తగ్గేకొద్దీ ఇదీ తగ్గుతుంది.

*కరెంటు:* నెలకు 2,000 యూనిట్లు కాలితే నెలకు 3,000 రూపాయలు, ఏడాదికి 36 వేలు.

*జీఎస్టీ:* ఏడాదికి 30 లక్షల సరుకు అమ్మింది, 5 శాతం పన్ను అనుకుందాం. పన్ను లక్షా 50 వేలు. ఇందులో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. రాష్ట్రం వాటా 75 వేలు. ముడిసరుకు కొన్నప్పుడు ఆమె ముందే కట్టిన రాష్ట్ర పన్ను 30 వేలు అందులో తగ్గుతుంది. మిగిలిన 45 వేలు ఆమె కట్టింది కాబట్టి ఆ 45 వేలే వాపసు. కేంద్రం వాటా రాదు. రాష్ట్రం తన జేబులోది మాత్రమే ఇవ్వగలదు.

ఇక్కడ ఒక మాట. బిల్లు లేకుండా అమ్మితే పన్ను మిగిలిందనుకుంటారు. కానీ కట్టని పన్నుకు వాపసు ఉండదు. పైగా బిల్లుల్లో అమ్మకం కనిపించకపోతే రేపు పెద్ద అప్పు కావాలన్నా బ్యాంకు నమ్మదు. తెలంగాణలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

డబ్బు ఎప్పుడు వస్తుంది?

మంజూరు వేరు, విడుదల వేరు. జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ మంజూరు చేస్తుంది. డబ్బు మాత్రం బడ్జెట్ విడుదలైనప్పుడు వరుస ప్రకారం వస్తుంది. నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. బ్యాంకు వాయిదా మాత్రం నెల నెలా కట్టాల్సిందే.

అందుకే లెక్క ఇలా వేసుకోండి: సబ్సిడీ ఒక్క రూపాయి రాకపోయినా మీ యూనిట్ నెల వాయిదా కట్టగలదా? కట్టగలిగితేనే మొదలుపెట్టండి. సబ్సిడీ వస్తే అది అప్పు తగ్గించడానికి, ఇంకో యంత్రం కొనడానికి.

పెట్టుబడి పెడతానని వచ్చేవాళ్ల సంగతి

పెట్టుబడి పెట్టేవాళ్లకు కూడా ప్రభుత్వాలు పన్నులో వెసులుబాటు ఇస్తాయి. కొత్త కంపెనీలు ఎక్కువ ధరకు వాటాలు అమ్మితే వేసే ఏంజెల్ ట్యాక్స్ 2012లో వచ్చింది. 2024 జూలై బడ్జెట్‌లో దాన్ని తీసేశారు. అంటే బయటి వాళ్లు డబ్బు పెట్టడం తప్పు కాదు, చట్టం దాన్ని ప్రోత్సహిస్తుంది. అయితే అక్కడ పెట్టుబడిదారుడి పేరు కాగితాల మీద ఉంటుంది. ఎంత పెట్టాడు, ఎంత వాటా అన్నది అందరికీ కనిపిస్తుంది.

టీ-ప్రైడ్ అలా కాదు. యాజమాన్యం ఎస్సీ, ఎస్టీలదే అయి ఉండాలి. అందుకే కొందరు దొడ్డిదారి వెతుకుతారు. డబ్బు వాళ్లది, యంత్రం వాళ్ల చేతిలో, పేరు మాత్రం మీది. "సంతకం పెట్టు, యాభై వేలు ఇస్తాం" అంటారు.

పై లెక్కనే మళ్లీ చూడండి. మీకు యాభై వేలు. వాళ్లకు 7 లక్షల సబ్సిడీ, వడ్డీ వాపసు, పన్ను వాపసు. 15 లక్షల అప్పు మాత్రం మీ పేరున. వాళ్లు రెండేళ్లు నడిపి యంత్రాలు లారీలో వేసుకుని పోతే నోటీసు వచ్చేది మీ గూడేనికి. జీఎస్టీ బాకీ మీ పాన్ మీద. మీ సిబిల్ చెడిపోతే తర్వాత బ్యాంకులో అప్పు పుట్టడం కష్టం. నిజమైన యూనిట్ పెట్టాలనుకున్న రోజున "ఇంతకుముందే తీసుకున్నారు కదా" అంటారు. ఇంకొకరి డబ్బుతో మీ పేరున ఆస్తి కొనడం బినామీ చట్టం కిందకు వస్తే ఏడాది నుంచి ఏడేళ్ల వరకు జైలు. శిక్ష కొన్నవాడికే కాదు, పేరు ఇచ్చినవాడికీ పడుతుంది.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగండి:

- బ్యాంకు ఖాతాకు, జీఎస్టీకి వాళ్ల ఫోన్ నంబర్ పెడతామంటే
- ఖాళీ చెక్కుల మీద, రాయని స్టాంపు పేపర్ల మీద సంతకం అడిగితే
- ఓటీపీ చెప్పమంటే, పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంటే
- యంత్రం ఎక్కడ పెడతారో, ఎవరు నడుపుతారో సూటిగా చెప్పకపోతే
- "ఆఫీసు పని అంతా మేం చూసుకుంటాం, నువ్వు రావక్కర్లేదు" అంటే

నిజంగా సాయం చేయాలనుకునేవాడికి సూటి దారులున్నాయి. మీకు చేబదులు ఇచ్చి కాగితం రాసుకోవచ్చు. మీ సరుకు కొంటానని ఒప్పందం చేసుకోవచ్చు. యంత్రం బిల్లు మీద అమ్మొచ్చు. ఇవన్నీ చట్టబద్ధమే.

భూమి విషయం

షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి బదిలీని 1959 నాటి నిబంధన అదుపు చేస్తుంది. 1970లో దాన్ని సవరించారు. అదే మనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచే చట్టం. దీని ప్రకారం గిరిజనేతరులకు అమ్మడమే కాదు, లీజుకు ఇవ్వడం కూడా చెల్లదు. ఏజెన్సీలో గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకు ఇవ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఈ చట్టం ఆధారంగానే. "యూనిట్ నీ పేరున, స్థలం పదేళ్లు మాకు లీజు" అనే కాగితం చెల్లదు.

పోడు పట్టా భూమి వారసత్వంగా పిల్లలకు వస్తుంది. అమ్మడానికి, బదిలీ చేయడానికి వీల్లేదు. దాని మీద షెడ్డు వేసే ఆలోచన ఉంటే పునాది తీయకముందే భద్రాచలం ఐటీడీఏలో, అటవీ శాఖలో అడగండి.

తరచుగా వినే అపోహలు

*"ఎస్టీలకు ఆదాయపు పన్ను లేదు కదా?"* ఆ మినహాయింపు ఈశాన్య రాష్ట్రాల్లోని గిరిజన ప్రాంతాలు, లద్దాఖ్ వంటి చోట్ల ఉండేవాళ్లకు. మన భద్రాచలం ఏజెన్సీకి వర్తించదు. అయితే 2025-26 నుంచి కొత్త విధానంలో, వ్యాపారం లాంటి మామూలు ఆదాయం ఏడాదికి 12 లక్షల లోపు ఉంటే కట్టాల్సిన పన్ను ఉండదు. రిటర్ను మాత్రం వేయడం మంచిది. బ్యాంకు అడిగే మొదటి కాగితాల్లో అదొకటి.

*"మాది ఎటపాక, ఊరు భద్రాచలానికి ఆనుకునే ఉంది. మాకు వస్తుందా?"* 2014లో ఎటపాక, చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అక్కడ పెట్టే యూనిట్‌కు ఆంధ్రప్రదేశ్ పాలసీ వర్తిస్తుంది. యూనిట్ ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానికే దరఖాస్తు.

*"ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు వెయ్యి అవుతుందా?"* ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అది పూర్తిగా ఉచితం.

దరఖాస్తు వరుస

1. కుల ధ్రువీకరణ, ఆధార్, పాన్ మూడింటిలో పేరు ఒకేలా ఉందో చూసుకోండి. తేడా ఉంటే ముందు మీ సేవలో సరిచేయించండి.
2. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ప్రాజెక్టు రిపోర్టు, బ్యాంకు మంజూరు పత్రం.
3. అనుమతుల కోసం టీజీ-ఐపాస్‌లో ఆన్‌లైన్ దరఖాస్తు. పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి.
4. యంత్రాలు బిల్లుతోనే, బ్యాంకు ద్వారానే కొనండి. నగదు ఇచ్చి కొన్నదాన్ని నిరూపించడం కష్టం.
5. ఉత్పత్తి మొదలైన తేదీ రాసిపెట్టుకోండి. పెట్టుబడి సబ్సిడీ దరఖాస్తుకు గడువు అక్కడి నుంచి ఆరు నెలలు.
6. కరెంటు బిల్లులు, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు వడ్డీ స్టేట్‌మెంట్లు ఒక ఫైల్లో పెట్టండి. ఈ వాపసులకు విడివిడిగా దరఖాస్తులు పెట్టాలి.
7. దరఖాస్తు ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకోండి. కొత్తగూడెం, ఖమ్మం రెండు చోట్లా జిల్లా పరిశ్రమల కేంద్రం ఉంది.

సంతకం పెట్టే ముందు మిమ్మల్ని మీరు అడగండి

ఈ యంత్రం నాకు నడపడం వచ్చా, నేర్చుకుంటానా? అప్పు ఎంతో, నెల వాయిదా ఎంతో నోటికి చెప్పగలనా? సరుకు ఎవరు కొంటారు? సబ్సిడీ రెండేళ్లు ఆలస్యమైతే నిలబడగలనా? ఈ కాగితంలో ఏముందో ఇంట్లోవాళ్లకు చదివి చెప్పగలనా?

ఐదింటికీ జవాబు ఉంటే ధైర్యంగా ముందుకు వెళ్లండి, ఈ రాయితీ మీ కోసమే పెట్టింది. ఒక్కదానికి లేకపోయినా ఆ రోజు సంతకం పెట్టకండి. కాగితం ఇంటికి తెచ్చుకుని, తెలిసినవాళ్లతో చదివించుకుని, పరిశ్రమల కేంద్రంలో అడిగి, తర్వాత నిర్ణయించుకోండి.