అమ్మమ్మ కాలం కాలేజీ, అమ్మ కాలం కాలేజీ, మన పిల్లల కాలేజీ



మీ ఊరి నుండి కాలేజీకి పోయే ఆడపిల్లలు ఎంతమంది? ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టండి. పొద్దున్నే పుస్తకాల సంచి వేసుకుని బస్సు కోసం నిలబడే పిల్లలను గుర్తు తెచ్చుకోండి. రెండు చేతుల వేళ్ళు చాలుతాయా? చాలా ఊళ్ళలో చాలవు.

ఇప్పుడు ఇంకో లెక్క. మీ అమ్మ చిన్నతనంలో ఎంతమంది పోయేవాళ్ళు? ఒకరో, ఇద్దరో. మీ అమ్మమ్మ కాలంలో? చాలా ఊళ్ళలో ఒక్కరు కూడా లేరు.

అమ్మమ్మకు తెలివి లేదా? ఉంది. ఎన్ని బస్తాల వడ్లకు ఎంత డబ్బు రావాలో నోటితోనే లెక్క చెప్పేది. మరి ఎందుకు చదువుకోలేదు? దారిలో అడ్డాలు ఉన్నాయి. ఆ అడ్డాలు ఏమిటి? అవి ఎలా తొలగాయి? ఇంకా ఏవి మిగిలాయి? ఈ పాఠంలో చూద్దాం.

అమ్మమ్మల కాలం: హాస్టలు లేదు, సీటు లేదు

దుర్గాబాయి పేరు విన్నారా? ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. అప్పటికి దాన్ని ఆపే చట్టం లేదు. కొంచెం పెద్దయ్యాక ఆమె ఆ పెళ్ళి వద్దనుకుంది. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు పోయింది. జైలు నుండి వచ్చాక చదువు మీద పడింది. సొంతంగా చదివి మెట్రిక్ పాసయింది. మెట్రిక్ అంటే ఇప్పటి పదో తరగతి లాంటిది.

తర్వాత విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పోయి సీటు అడిగింది. ఆ విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది. అక్కడి పెద్దలు ఏమన్నారో తెలుసా? "ఆడపిల్లలకు ఇక్కడ హాస్టలు లేదు. సీటు ఎలా ఇస్తాం?" అన్నారు.

ఆమె ఏడుస్తూ ఇంటికి పోలేదు. పత్రికలో ఒక ప్రకటన వేయించింది. హాస్టలు లేక చదువు ఆగిపోయిన ఆడపిల్లలు ఎవరైనా ఉంటే తనకు రాయమంది. కొందరు రాశారు. అందరూ కలిసి తామే ఒక హాస్టలు పెట్టుకున్నారు. ఇప్పుడు ఇంకేం అడ్డం? సీటు ఇవ్వక తప్పలేదు.

దుర్గాబాయి బి.ఏ. చదివింది. తర్వాత మద్రాసులో లా చదివి వకీలు అయింది. మన దేశ రాజ్యాంగం రాసిన సభలో సభ్యురాలు అయింది. 1958లో ఆడపిల్లల చదువు గురించి ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. దానికి ఆమెనే పెద్దగా పెట్టారు. సీటు లేదన్న పిల్లే సీట్ల గురించి దేశానికి సలహా చెప్పింది!

హైదరాబాదు వైపు అడ్డం ఇంకోలా ఉండేది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో వచ్చింది. అక్కడ పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. 1924లో ఆడపిల్లల కోసం వేరే కాలేజీ పెట్టారు. అదే ఇప్పటి కోఠి మహిళా కాలేజీ. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు ఉర్దూ పాఠం ఎలా ఎక్కుతుంది? ఆంధ్ర వైపు పాఠాలు ఇంగ్లీషులో ఉండేవి. అటు పోయినా, ఇటు పోయినా అమ్మ మాటలో చదువు లేదు.

1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. కాలేజీ పుస్తకాలను తెలుగులో వేసింది. పల్లెటూరి పిల్లలకు అది పెద్ద ఆసరా అయింది.

1950 ప్రాంతంలో మన దేశంలో కాలేజీ చదువు చదివేవాళ్ళు 100 మంది ఉంటే, అందులో ఆడవాళ్ళు 10 మంది. కొంచెం అటూ ఇటూ. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి. మళ్ళీ పని ఉంది.

అమ్మల కాలం: రేకు పెట్టె, బస్సు పాసు

ఇంటర్మీడియట్ బోర్డు 1971లో ఏర్పడింది. తర్వాత చిన్న పట్నాలలో కూడా జూనియర్ కాలేజీలు పెరిగాయి. కాలేజీ కొంచెం దగ్గరయింది. 1978లో ఆడపిల్ల పెళ్ళి వయసును 18 ఏళ్ళకు పెంచుతూ చట్టం మారింది. 1983లో తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. అది ఆడవాళ్ళ కోసమే పెట్టింది.

అప్పటి కాలేజీ పిల్ల ఎలా ఉండేది? లంగా, ఓణీ వేసుకునేది. చేతిలో రెండు నోటు పుస్తకాలు. హాస్టలుకు పోతే రేకు పెట్టె, చాప, దుప్పటి, ఒక డబ్బా ఊరగాయ. ఇంటి నుండి ఉత్తరం రావాలంటే నాలుగు రోజులు. డబ్బు రావాలంటే మనియార్డరు. పరీక్ష ఫలితాలు పేపర్లో పడేవి. ఆ పేపరు కోసం ఊరంతా ఎదురుచూసేది. పేపర్లో నెంబరు ఉంటే పాసు. లేకపోతే ఫెయిలు.

అప్పుడు కాలేజీలో ఒక భయం ఉండేది. దాని పేరు ర్యాగింగ్. పాత పిల్లలు కొత్త పిల్లలను ఏడిపించేవారు. హద్దు మీరి అవమానం చేసేవారు. ఆ బాధ పడలేక చదువు మానేసిన పిల్లలు ఉన్నారు. 1997లో మన రాష్ట్రంలో ర్యాగింగ్ నేరం అని చట్టం చేశారు.

కాలేజీకి పోలేని వాళ్ళ కోసం ఇంకో దారి కూడా తెరిచారు. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది. ఇప్పుడు దాన్ని అంబేద్కర్ పేరుతో పిలుస్తున్నాం. పెళ్ళయిన ఆడవాళ్ళు, ఉద్యోగం చేసేవాళ్ళు ఇంట్లో ఉండి చదువుకున్నారు. ఆదివారం పూట పోయి పాఠాలు విన్నారు. పిల్లను చంకనేసుకుని పరీక్షకు పోయిన తల్లులు ఉన్నారు.

ఇప్పటి కాలం: చేతిలో ఫోను

ఇప్పుడు కాలేజీలో చేరాలంటే ముందుగా కావలసింది ఫోను. తెలంగాణలో 2016 నుండి డిగ్రీ సీట్లు 'దోస్త్' ద్వారా ఇస్తున్నారు. అంటే కంప్యూటరులో దరఖాస్తు పెట్టాలి. ఆంధ్రలో కూడా డిగ్రీ సీట్లు కంప్యూటరు ద్వారానే. కాలేజీ మెట్లు ఎక్కి ఫారం కోసం వరసలో నిలబడే పని తగ్గింది. ఫలితాలు కూడా ఫోనులోనే.

ఫీజు విషయంలోనూ మార్పు వచ్చింది. 2008 ప్రాంతం నుండి పేద పిల్లల ఫీజును ప్రభుత్వం కట్టే పథకం పెద్దగా సాగింది. ప్రభుత్వాలు మారితే పేరు మారింది, పద్ధతి మారింది. ఆ డబ్బు ఆలస్యంగా వచ్చిన సంవత్సరాలు కూడా ఉన్నాయి. అయినా కూలి చేసే ఇంటి పిల్ల ఇంజనీరింగు దాకా పోయిందంటే, ఆ పథకం ఆసరా ఉంది.

ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుండి. దాని విలువ ఎంతో లెక్క చేద్దాం. టికెట్ 30 రూపాయలు అనుకోండి. పోను, రాను 60 రూపాయలు. నెలకు 24 రోజులు పోతే 1,440 రూపాయలు. పది నెలలకు 14,400 రూపాయలు! "బస్సు ఖర్చు ఎక్కడ తెస్తాం?" అనే మాట ఇప్పుడు చెల్లదు.

ఇప్పుడు ఆ పాత లెక్క తీయండి. 2021-22లో మన దేశంలో కాలేజీ, యూనివర్సిటీ చదువు చదివేవాళ్ళు 4 కోట్ల 33 లక్షల మంది. అందులో ఆడవాళ్ళు 2 కోట్ల 7 లక్షల మంది. అంటే 100 మందిలో సుమారు 48 మంది. అప్పుడు 10, ఇప్పుడు 48.

మారనివి కూడా ఉన్నాయి

మన పెద్దలు ఒక సామెత చెబుతారు. "ఆడది తిరిగి చెడింది, మగవాడు తిరగక చెడ్డాడు" అని. బస్సు మారింది, ఫోను వచ్చింది. ఈ సామెత మాత్రం ఇంట్లోనే కూర్చుంది.

కాలేజీ నుండి వచ్చిన కొడుకు మంచం మీద పడుకుంటాడు. అదే బస్సు దిగిన కూతురు గిన్నెలు తోముతుంది. కొడుకు ఆలస్యంగా వస్తే "పాపం, బస్సు దొరకలేదేమో" అంటాం. కూతురు ఆలస్యంగా వస్తే "ఎవరితో మాట్లాడుతున్నావే?" అంటాం. ఎవడో వెంటపడి ఏడిపిస్తే వాడిని అడగం. మన పిల్లను చదువు మాన్పిస్తాం. తప్పు ఒకరిది, శిక్ష ఇంకొకరికి. ఇదేం న్యాయం?

మా కేంద్రంలో ఈ సంగతి మీద పెద్ద వాదన జరిగింది. ఒక పెద్దమ్మ మనవరాలు ఇంటర్ పాసయింది. అదే నెలలో ఒక సంబంధం వచ్చింది. పిల్లకు 18 నిండాయి.

"కట్నం తక్కువ అడుగుతున్నారు టీచరమ్మా! మూడేళ్ళు పోతే ఈ కట్నానికి ఎవడు వస్తాడు?" అంది పెద్దమ్మ.

"మూడేళ్ళు పోతే నా బిడ్డ జీతం తెచ్చుకోదా అత్తా?" అంది కోడలు.

అత్త ముందు ఆ కోడలు గట్టిగా మాట్లాడటం అందరం అదే మొదటిసారి విన్నాం. మాలో కొందరు పెద్దమ్మ వైపు మాట్లాడారు. కొందరు కోడలి వైపు మాట్లాడారు. పెద్దమ్మ భయం కూడా ఉత్తది కాదు. కట్నం భారం ఆమెకు తెలుసు. చివరికి సంబంధం వాళ్ళను మూడేళ్ళు ఆగమన్నారు. వాళ్ళు ఆగలేదు. వేరే పిల్లను చూసుకున్నారు. పెద్దమ్మకు ఆ బాధ ఇంకా ఉంది. పిల్ల మాత్రం రోజూ ఏడున్నర బస్సుకు కాలేజీకి పోతోంది.

కొత్త బాధలు కూడా వచ్చాయి. కొన్ని కాలేజీలలో ఆట స్థలమే లేదు. పొద్దున నుండి రాత్రి దాకా చదువే చదువు. మార్కులు తగ్గాయని ప్రాణం తీసుకున్న పిల్లలు ఉన్నారు. అక్కలారా, మార్కులు మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఫెయిలయితే మళ్ళీ రాయవచ్చు. పిల్లను మళ్ళీ తెచ్చుకోలేం. ఫలితాల రోజు "ఎన్ని వచ్చాయి?" అని అడిగే ముందు "అన్నం తిన్నావా?" అని అడగండి. పిల్ల మాట్లాడకుండా ముడుచుకుని ఉంటే ఒంటరిగా వదలకండి. 14416 నెంబరుకు ఫోను చేయండి. మనసు బాగాలేని వాళ్ళతో మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన నెంబరు అది. డబ్బు కట్టక్కర లేదు.

తల్లిగా మనం చేయగల పనులు

ఇప్పుడు మనకు చదవడం వచ్చు. ఆ చదువును పిల్లల కోసం వాడదాం.

1. ఆదాయం, కులం సర్టిఫికెట్లు ముందుగానే తీయించి పెట్టండి. పేరు, ఇంటి పేరు, పుట్టిన తేదీ ఆధారు కార్డులో, పదో తరగతి మార్కుల మెమోలో ఒకేలా ఉన్నాయా? మీరే చదివి చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా తర్వాత తిప్పలు.

2. ఫీజు కట్టిన ప్రతిసారీ రసీదు అడగండి. అంకె చదవండి. తేదీ చదవండి. దాచి పెట్టండి.

3. అసలు సర్టిఫికెట్లను కాలేజీ వాళ్ళు చూసి వెనక్కి ఇచ్చేయాలి. జిరాక్సు కాపీలు ఉంచుకోవచ్చు. 2018లో యూజీసీ ఈ నియమం పెట్టింది. ఫీజు బాకీ ఉందని అసలు కాగితాలు పట్టుకోవడం సరి కాదు. అలా చేస్తే నలుగురు తల్లిదండ్రులు కలిసి పోయి అడగండి. ఒక్కరు అడిగితే కసురుతారు. పదిమంది అడిగితే కుర్చీ వేస్తారు.

4. పిల్ల కాలేజీకి సరిగా పోతోందా, హాజరు ఎంత ఉందో అడుగుతుండండి. ఫీజు పథకానికి హాజరు 75 శాతం కావాలి. అంటే 100 రోజులలో 75 రోజులు. నాట్లప్పుడు, పత్తి తీసేటప్పుడు పిల్లను పొలానికి లాగితే ఈ లెక్క తప్పుతుంది.

5. కాలేజీలో ఎవరైనా, సారు అయినా సరే, పిల్లతో తప్పుగా ప్రవర్తిస్తే ఫిర్యాదు చేయవచ్చు. 2013 చట్టం ప్రకారం కాలేజీలో దానికి ఒక కమిటీ ఉండాలి. దానికి పెద్దగా ఆడమనిషే ఉండాలి. "నాకు చెప్పు, నిన్ను కాలేజీ మాన్పించను" అని పిల్లకు ముందే మాట ఇవ్వండి. ఆ మాట లేకనే పిల్లలు నోరు విప్పరు.

మనకూ దారి ఉంది

"పిల్లల సంగతి సరే, మా సంగతి ఏమిటి?" అని మీరు అడగవచ్చు. మన రెండు రాష్ట్రాలలోనూ ఓపెన్ స్కూలు ఉంది. 14 ఏళ్ళు నిండి, చదవడం రాయడం వచ్చినవాళ్ళు బడికి పోకపోయినా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. తర్వాత ఇంటర్ కూడా రాయవచ్చు. తల్లీ కూతుళ్ళు ఒకే దీపం కింద చదువుకుంటే ఎంత బాగుంటుంది!

ఇందాక కోఠి కాలేజీ అనుకున్నాం కదా! 2022లో అది విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఐలమ్మ ఎవరు? బట్టలు ఉతికే ఇంట్లో పుట్టింది. కౌలు భూమిలో పండించుకున్న పంటను దొర మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే ఎదురు నిలిచింది. కాలేజీ మెట్లు ఎక్కని అవ్వ ఆమె. ఇప్పుడు ఆమె పేరు కింద వేలమంది ఆడపిల్లలు చదువుకుంటున్నారు.

కొత్త మాటలు

విశ్వవిద్యాలయం: పెద్ద చదువులు చెప్పి, డిగ్రీ ఇచ్చే చోటు. యూనివర్సిటీ అని కూడా అంటాం.
యూజీసీ: దేశంలోని యూనివర్సిటీలకు, కాలేజీలకు నియమాలు పెట్టే ప్రభుత్వ సంస్థ.
హాజరు: బడికి, కాలేజీకి వచ్చిన రోజుల లెక్క.
ఫిర్యాదు: జరిగిన అన్యాయం గురించి చెప్పుకోవడం.

మాట్లాడుకుందాం

1. దుర్గాబాయికి సీటు ఎందుకు ఇవ్వనన్నారు? ఆమె ఏం చేసింది?
2. మీ ఊరిలో మొదట కాలేజీకి పోయిన ఆడమనిషి ఎవరు? ఆమెను పిలిచి మన కేంద్రంలో మాట్లాడించండి.
3. పెద్దమ్మ చెప్పింది సరైనదా? కోడలు చెప్పింది సరైనదా? ఎందుకు?

లెక్క చేయండి

టికెట్ 25 రూపాయలు. రోజుకు రెండుసార్లు. నెలకు 24 రోజులు. బస్సు ఉచితం కావడం వల్ల నెలకు ఎంత మిగులుతుంది?

రాయండి

మీ కూతురికో, మనవరాలికో మూడు వాక్యాల ఉత్తరం రాయండి. ఇలా మొదలు పెట్టండి: "అమ్మా, నీ చదువు నేను ఆపను..."