తల్లి మనసుకు గాయమైతే బిడ్డ ఎదుగుదల ఎలా ఉంటుంది?

(గర్భిణులు, బాలింతలు, వారి ఇంట్లోవాళ్లు తప్పక చదవాలి)

అంగన్‌వాడీలో గుడ్డు, పాలు తీసుకుంటున్నారు. బిడ్డ బరువు తూయిస్తున్నారు. మంచిదే. వాటితో పాటు తల్లి మనసు ఎలా ఉందో కూడా చూసుకోవాలి.

మనసుకు గాయం అంటే?
ఇంట్లో కొట్టడం, అంతకుముందు బిడ్డ పోవడం, కాన్పు ప్రాణం మీదికి రావడం, వరదలో ఇల్లు పోవడం లాంటివి. అవి జరిగిపోయాక కూడా భయం లోపలే ఉండిపోవచ్చు. నిద్ర పట్టదు. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారు. బిడ్డను ఎత్తుకోవాలనిపించదు.

బిడ్డ మీద ప్రభావం
• కడుపులో ఉన్నప్పుడు: తీవ్రమైన ఆందోళన చాలా రోజులు ఉంటే నెలలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం జరగవచ్చు.
• పుట్టాక: బిడ్డ ‘ఊ’ అంటే అమ్మ ‘ఊ’ కొట్టాలి, నవ్వితే నవ్వాలి. బిడ్డ మెదడు ఎదిగేది ఈ ఊసులతోనే. కుమిలిపోతున్న తల్లికి ఆ ఓపిక ఉండదు. దాంతో బిడ్డ ఎక్కువగా ఏడవొచ్చు, మాటలు ఆలస్యం కావొచ్చు.

అమ్మా, ఇది మీ తప్పు కాదు. అందరు పిల్లలకీ ఇలా కాదు. తల్లికి సాయం అందితే బిడ్డా కోలుకుంటుంది. గర్భం దాల్చినప్పటి నుంచి రెండేళ్లు నిండే దాకా, అంటే మొదటి 1000 రోజులు చాలా ముఖ్యం. అందుకే ఆలస్యం చేయొద్దు.

ఏం చేయాలి?
1. దిగులు 2 వారాలు దాటితే ఆశా కార్యకర్తకు గానీ ఏఎన్ఎంకు గానీ చెప్పండి. చెప్తే పేరు తీసేస్తారని భయపడకండి. మనసు బాగాలేదని పథకం ఆగదు.
2. 14416కి ఫోన్ చేయండి. ఇది టెలి మానస్. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.
3. ఇంట్లో కొడుతుంటే 181కి చేయండి. సఖి కేంద్రంలో వైద్యం, న్యాయ సలహా, కొద్దిరోజులు ఉండడానికి చోటు దొరుకుతాయి. ఇంట్లో మాట్లాడే వీలు లేకపోతే అంగన్‌వాడీకి వచ్చినప్పుడు టీచర్ ఫోన్ అడగండి.
4. చనిపోవాలనిపించినా, బిడ్డను ఏమైనా చేస్తానేమో అనిపించినా వెంటనే 112కి చేయండి. ఒంటరిగా ఉండకండి.
5. రోజూ స్నానం చేయించేటప్పుడు, పాలిచ్చేటప్పుడు బిడ్డ కళ్లలోకి చూసి నాలుగు మాటలు చెప్పండి. ఓపిక లేని రోజు అమ్మమ్మ, నాన్నమ్మ, నాన్న ఎవరైనా ఆ పని చేయొచ్చు.
6. రెండు నెలలు దాటినా మీ ముఖం చూసి నవ్వకపోతే, 9 నెలలు నిండినా ఆసరా లేకుండా కూర్చోకపోతే డాక్టరుకు చూపించండి.

ఇంట్లోవాళ్లకు
“అందరూ కనలేదా, నువ్వొక్కదానివేనా?” అనే మాట అనకండి. రాత్రి ఒక్క పూట బిడ్డను మీరు చూసుకుని, ఆమెను నిద్రపోనివ్వండి.

మీ ఊరి తల్లుల గ్రూపులో ఇది పంపండి.