ఆఫ్రికాలో అంగవైకల్యం – బడి గడప

ఆఫ్రికాలో వికలాంగ శిశువును శాపంగా భావించి దాచేస్తారని ఎక్కడో చదివి, అదే నిజమనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఈ వ్యాసం కోసం కాస్త లోతుకు వెళ్లాక తెలిసింది – ఆఫ్రికా ఒక ఊరు కాదు, యాభై పైచిలుకు దేశాల ఖండమని. అక్కడి నమ్మకాలూ ఒక్క తీరువి కావని.

నైజీరియాలోని యొరుబా ప్రజల గాథ చూడండి. మనుషుల శరీరాలను మట్టితో మలిచే ఒబాటాలా దేవుడు ఒకనాడు కల్లు తాగి, ఆ మైకంలో కొన్నిటిని వంకరగా చేశాడట. తర్వాత పశ్చాత్తాపపడి వారికి తానే అండగా నిలిచాడట. అనగా లోపం ఆ మనిషి పాపం కాదు, చేసినవాడి పొరపాటు! బోట్స్వానాలో కొందరు తల్లులు ఇటువంటి బిడ్డను 'దేవుడిచ్చిన కానుక' అంటారని నార్వే పరిశోధకురాలు బెనెడిక్టె ఇంగ్‌స్టాడ్ రాశారు. బిడ్డను దాచారని పైవాళ్లు అనుకునే ఇళ్లలో నిజానికి చాలాచోట్ల ఉన్నది పేదరికమూ, సాయం లేకపోవడమూ అని ఆమె వాదన.

అయితే రెండో వైపు కూడా ఉంది. ఘనాలోని అకాన్ సంప్రదాయం ప్రకారం అంగలోపం ఉన్నవాడు రాజపీఠం ఎక్కరాదు. ఆ దేశంలోనే 1977లో కుడికాలు సరిగా ఎదగకుండా పుట్టాడు ఇమ్మాన్యుయేల్ ఒఫోసు యెబోఆ. తండ్రి వదిలేసి పోయాడు. తల్లి మాత్రం ఎత్తుకెళ్లి బడిలో దింపేది. 2001లో అతడు ఒంటికాలితో సైకిలు తొక్కుతూ సుమారు 600 కిలోమీటర్లు తిరిగి, దేశమంతా తనవైపు చూసేలా చేశాడు.

ఇక ప్రభుత్వాల సంగతి. వికలాంగుల్ని విడిగా కాక అందరితో కలిపి చదివించాలని 1994లో స్పెయిన్‌లోని సలమాంకా సదస్సు ప్రకటించింది. 1997లో ఉగాండా కుటుంబానికి నలుగురు పిల్లల చొప్పున ఫీజు లేని ప్రాథమిక విద్య మొదలుపెట్టి, ఆ నలుగురిలో వికలాంగ బిడ్డకు ప్రాధాన్యమిచ్చింది. ఇంట్లో చివరికి లెక్కేసే బిడ్డ బడి లెక్కలో ముందుకొచ్చాడు! కానీ ఒక్క ఏడాదిలోనే విద్యార్థులు సుమారు 30 లక్షల నుంచి 50 లక్షలు దాటారు. కిక్కిరిసిన గదిలో చెవి వినపడని పిల్లవాణ్ణి పట్టించుకునే తీరిక ఏ పంతులుకుంటుంది?

పోలియో వచ్చిన మా మేనత్త బడి మెట్టెక్కలేదు. ఇంట్లో ఎవరూ ఆమెను చిన్నచూపు చూడలేదు, అన్నం ముందు ఆమెకే పెట్టేవారు. బడికి మాత్రం ఎవ్వరూ ఎత్తుకెళ్లలేదు. ఘనా తల్లి కథ చదువుతుంటే నాకు ఆమే గుర్తొచ్చింది. ప్రేమ ఉంటే చాలదు, మోసే చేయి కావాలి. ఆ తర్వాత మోయనక్కరలేని దారి కావాలి.

మిత్రులారా! మన లైబ్రరీకి పన్నెండు మెట్లున్నాయి. పక్కన ఒక వాలుదారి కావాలని ఈ ఏడాది మన యూనియన్ అడగాలని నా మనవి.