జర్మన్ పాఠం: ఇంటివాళ్ల పేర్లు, వాటి వ్యాకరణం



చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల నుంచి మన ట్రస్టు విద్యార్థి వేతనానికి దరఖాస్తు చేసేవారిలో జర్మనీలో పై చదువులు, నర్సింగ్ ఉద్యోగం కోరుకునేవారు ఉన్నారు. వారు ముందుగా దాటవలసిన మెట్టు ఎ1 పరీక్ష. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు. 100కి 60 వస్తే ఉత్తీర్ణత. చాలామంది మొదటి రెండు వారాలు ఉత్సాహంగా నేర్చుకుని, ‘కుటుంబం’ పాఠం వచ్చేసరికి చతికిలపడతారు. నేనూ అక్కడే చతికిలపడ్డాను. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

మాది బాగేపల్లి తాలూకాలో ఒక పల్లె. బెంగళూరులో జర్మన్ నేర్చుకునేటప్పుడు మొదటి పరీక్షలో ‘మా అన్న’ అన్నదానికి ‘ఉన్‌జర్ బ్రూడర్’ అని రాశాను. టీచరుగారు, “మీ ఇద్దరికీ అన్నా? ఆ రెండో మనిషి ఎవరు?” అని అడిగారు. క్లాసంతా నవ్వింది. మార్కులు చూసుకుని, ఇంక ఇది మన వల్ల కాదనుకుని ఊరికి బస్సెక్కాను. ఫీజుకు నాయన చేసిన అప్పు గుర్తొచ్చి మళ్లీ పుస్తకం తెరిచాను. అప్పుడు తెలిసింది: ఈ పాఠానికి కావలసిన వ్యాకరణంలో సగం మన ఇంటి తెలుగులో, సగం మన బడి కన్నడలో ముందే ఉంది.

1. మూడు లింగాలు – బడి కన్నడ

జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ ముందు ఒక చిన్న మాట ఉంటుంది. పుల్లింగానికి డేర్, స్త్రీలింగానికి డీ, నపుంసకానికి డాస్.

డేర్ ఫాటర్ (నాయన), డేర్ బ్రూడర్ (అన్న, తమ్ముడు)
డీ ముట్టర్ (అమ్మ), డీ ష్వెస్టర్ (అక్క, చెల్లెలు)
డాస్ కిండ్ (బిడ్డ)

తెలుగులో ‘అక్క వచ్చింది, ఆవు వచ్చింది’ అని రెంటికీ ఒకే క్రియ. కాబట్టి తెలుగు ఒక్కటే తెలిసినవారికి మూడు లింగాలు కొత్త. మనకు కొత్త కాదు. బడిలో ‘అణ్ణ బందను, అక్క బందళు, మగు బంతు’ అని చదువుకున్నాం. కన్నడలో ‘మగు’ నపుంసకమైనట్టే జర్మన్‌లో ‘కిండ్’ కూడా నపుంసకమే. తేడా ఒక్కటే: కన్నడలో లింగం క్రియ చివర కనిపిస్తుంది, జర్మన్‌లో నామవాచకం ముందు కనిపిస్తుంది.

ఒక చిక్కుంది. అమ్మాయిని ‘మేట్‌షెన్’ అంటారు. అది డీ కాదు, డాస్ మేట్‌షెన్. ‘షెన్’తో ముగిసే ముద్దుపేరు ఏదైనా నపుంసకమే.

బహువచనంలో అందరికీ డీ ఒక్కటే. ‘అన్నలు వచ్చారు, అక్కలు వచ్చారు’ అన్నప్పుడు మనకూ తేడా ఉండదు కదా! అందుచేత డీ కనిపించగానే స్త్రీలింగం అనుకోవద్దు. డీ ఎల్టర్న్ అంటే తల్లిదండ్రులు, డీ గెష్విస్టర్ అంటే తోబుట్టువులు.

2. విభక్తి – ఇంటి తెలుగు

మనం అన్న, అన్నను, అన్నకు అంటాం. ప్రత్యయం పేరు చివర చేరుతుంది. జర్మన్‌లో పేరు దాదాపు అలాగే ఉండి, ముందున్న మాట చివర మారుతుంది.

అన్న: మైన్ బ్రూడర్ – అన్నను: మైనెన్ బ్రూడర్ – అన్నకు: మైనెమ్ బ్రూడర్
అక్క: మైనె ష్వెస్టర్ – అక్కను: మైనె ష్వెస్టర్ – అక్కకు: మైనెర్ ష్వెస్టర్
బిడ్డ: మైన్ కిండ్ – బిడ్డను: మైన్ కిండ్ – బిడ్డకు: మైనెమ్ కిండ్

‘ను’ దగ్గర మారేది పుల్లింగం ఒక్కటే. ‘కు’ దగ్గర మూడూ మారతాయి. ‘తో’ అర్థమిచ్చే ‘మిట్’ తరువాత కూడా ‘కు’ రూపమే వస్తుంది.

ఏ క్రియకు ఏది అన్న సందేహం వస్తే ముందు తెలుగులో అనుకోండి. అన్నను అడుగుతాను: ఇష్ ఫ్రాగె మైనెన్ బ్రూడర్. అన్నకు సాయం చేస్తాను: ఇష్ హెల్ఫె మైనెమ్ బ్రూడర్. రెండూ సరిపోయాయి. అయితే అన్నిసార్లూ సరిపోదు. ‘అన్నకు ఫోన్ చేస్తాను’ అంటాం గానీ, జర్మన్‌లో అది ‘ను’ రూపం: ఇష్ రూఫె మైనెన్ బ్రూడర్ ఆన్. ఇలా సరిపోని క్రియలను నోటుపుస్తకం చివరి పేజీలో విడిగా రాసుకోండి.

3. ‘మా’ అన్న చోట ‘నా’

నన్ను నవ్వులపాలు చేసింది ఇదే. మనకు ‘నా అమ్మ’ అనడం ఎబ్బెట్టు, ‘మా అమ్మ’ అనడమే మర్యాద. జర్మన్‌లో ఒక్కరే మాట్లాడేటప్పుడు మైనె ముట్టర్, అంటే ‘నా అమ్మ’ అనాలి. అన్నదమ్ములు కలిసి చెప్పేటప్పుడే ఉన్‌జెరె ముట్టర్. ‘మా ఆవిడ’ను అక్షరాలా జర్మన్‌లో పెడితే ఎంత ప్రమాదమో పెళ్లయినవారు ఊహించుకోగలరు!

‘అతని’ అంటే జైన్, ‘ఆమె’ అంటే ఈర్. చివర మాత్రం ఎవరి గురించి చెబుతున్నామో వారిని బట్టి మారుతుంది. జైనె ముట్టర్: అతని అమ్మ. ఈర్ ఫాటర్: ఆమె నాయన.

4. వరస తగ్గుతుంది

పెద్దనాయన, చిన్నాయన, మేనమామ ముగ్గురూ డేర్ ఓంకెల్. పెద్దమ్మ, చిన్నమ్మ, మేనత్త ముగ్గురూ డీ టాంటె. పెద్దా చిన్నా తేడా లేదు, తల్లివైపు తండ్రివైపు తేడా లేదు. కైవారం యోగి నారేయణను తాతయ్య అని పిలుచుకునే నేల మనది. అక్కడ పరిచయం లేని పెద్దవారిని వరస పెట్టి పిలవకూడదు. ఇంటిపేరుకు ముందు హెర్ లేదా ఫ్రావ్ చేర్చి పిలవాలి.

5. నేర్చుకునే పద్ధతి

పేరును ఒంటరిగా బట్టీ పట్టవద్దు. ముందుమాట, పేరు, బహువచనం మూడూ కలిపి చదవండి: డేర్ బ్రూడర్, డీ బ్ర్యూడర్. డీ ష్వెస్టర్, డీ ష్వెస్టర్న్. డాస్ కిండ్, డీ కిండర్. డేర్ ఓంకెల్, డీ ఓంకెల్. ‘బ్ర్యూ’ పలకడానికి పెదవులు ‘ఊ’కు గుండ్రంగా పెట్టి, లోపల ‘ఈ’ అనండి. తెలుగు లిపి ఇక్కడ దారి చూపుతుందే తప్ప సరైన ఉచ్చారణ ఇవ్వలేదు. రికార్డింగు విని సరిచేసుకోండి.

అభ్యాసం: జర్మన్‌లో చెప్పండి.

(1) మా తమ్ముడికి సాయం చేస్తాను. (2) మా చెల్లెలిని అడుగుతాను. (3) మా అమ్మతో వస్తాను. (4) మా నాయనకు ఫోన్ చేస్తాను.

జవాబులు: (1) ఇష్ హెల్ఫె మైనెమ్ బ్రూడర్. (2) ఇష్ ఫ్రాగె మైనె ష్వెస్టర్. (3) ఇష్ కొమ్మె మిట్ మైనెర్ ముట్టర్. (4) ఇష్ రూఫె మైనెన్ ఫాటర్ ఆన్.

నాలుగూ సరిగ్గా వచ్చినవారికి ఈ పాఠం పట్టుబడినట్టే. రాని వారు దిగులుపడకుండా రెండో భాగం మళ్లీ చదవండి. సరిహద్దు పిల్లలకు ఏ భాషా సరిగ్గా రాదని కొందరు అంటారు. ఆ మాట నమ్మవద్దు. రెండు భాషల మధ్య పెరగడం మనకు లోటు కాదు, మూడో భాషకు పెట్టుబడి. తల్లిదండ్రులు కట్టిన ఫీజు వృథా కాకుండా చదివి, పరీక్ష గెలిచి రావాలని కోరుకుంటూ, మీ శ్రేయోభిలాషి.