జల్లెడకు చిక్కని జాబు

ధాన్యములోని మట్టిని వేరుచేయుటకు జల్లెడ యెట్లో, ఈమెయిలు ద్వారా వచ్చు అక్కరలేని జాబులను వేరుచేయుటకు కంప్యూటరునందు స్పామ్‌అసాసిన్ అను సాధనము అట్టిది. దీనిని 2001వ సంవత్సరమున జస్టిన్ మేసన్ అను నతడు ప్రారంభించెను. ఇది జాబులోని గుర్తులను వెదకి, ఒక్కొక్క గుర్తునకు కొన్ని మార్కులు వేయును. మనము మార్పకున్నచో, మొత్తము 5 అయిన జాబును స్పామని ముద్రవేయును. కొత్త గుర్తులను మనమే నియమములుగా వ్రాసి చేర్చవచ్చును.

‘లాటరీ’ అను మాటను పట్టుటకు ఒక నియమము వ్రాసితిమనుకొందము. మరునాడు లాటరీ బహుమానమును ఆశజూపి ధనమడుగు జాబు నిరాటంకముగా లోపలికి వచ్చినది. తోచినట్లు నియమమును మార్చుట తగదు. ఈ ప్రశ్నలను వరుసగా వేసికొనవలయును.

మొదటిది: జాబు జల్లెడలో పడినదా? పడిన జాబు శిరోభాగమున సాధారణముగా ‘ఎక్స్-స్పామ్-స్టేటస్’ అను పంక్తి యుండును. మొత్తము మార్కులును, పనిచేసిన నియమముల పేర్లును అందే కలవు. ఆ పంక్తియే లేనిచో దోషము నియమమునందు కాక, జాబు వచ్చిన త్రోవయందు వెదకవలెను.

రెండవది: సాధనము మన నియమమును చదివినదా? ‘లింట్’ అను పరీక్ష వ్రాతలోని తప్పులను చూపును. నిరంతరము నడుచు ‘స్పామ్‌డీ’ అను సేవకు, నియమము చేర్చిన పిమ్మట, దానిని మరల చదువు నవకాశ మీయవలెను. ఆపి తిరిగి నడుపుట సులభోపాయము.

మూడవది: నియమము సరియైన చోట వెదకుచున్నదా? ‘బాడీ’ నియమము చదువరికి కనబడు మాటలనే చూచును. మాటల వెనుక దాగిన లంకె చిరునామాను చూడదు. దానికి ‘యూఆర్ఐ’ నియమము వలయును.

నాల్గవది: మాట అక్షరాలా సరిపోయినదా? మనము ‘లాటరీ’ యని దీర్ఘముతో వ్రాయగా, పంపినవాడు ‘లాటరి’ యని వ్రాసినచో రెండును కలియవు. ఆంగ్ల లిపిలో పెద్ద అక్షరములకును చిన్న అక్షరములకును అట్టి భేదమే కలదు. నియమము చివర ‘ఐ’ గుర్తు నుంచినచో ఆ భేదము తొలగును.

ఐదవది: నియమము పనిచేసియు మార్కులు చాలలేదా? మార్కులు చెప్పని సాధారణ నియమమునకు 1 మాత్రమే లభించును. పేరునకు ముందు రెండు క్రిందిగీతలున్న నియమమునకు, అది సరిపోయినను, మార్కులే రావు.

ఇక, ఈ నియమమునకే 5 మార్కులిచ్చిన తీరదా యని కొందరనవచ్చును. అట్లు చేసినచో, ‘లాటరీ మోసములయెడ జాగ్రత్త’ యని తండ్రి కుమారునకు వ్రాసిన జాబును సయితము ఈ జల్లెడ స్పామనును. మోసపు జాబు వచ్చిన, చదువరి మెలకువతో దానిని విడువవచ్చును. మంచి జాబు తప్పినచో, అది వచ్చినదన్న సంగతియే వానికి తెలియదు. కావున నియమమును చెడ్డజాబులపైననే కాక, దాచియుంచిన మంచిజాబులపైనను పరీక్షింపవలెను.

ఒకసారి ఒక్క మార్పే చేసి ఫలితమును చూచుట ప్రయోగశాలలో మనము నేర్చు పద్ధతియే. రెండు మార్పులొక్కమారే చేసినచో, దోషము తొలగినను కారణము తెలియదు. కారణము తెలియని దోషము మరల రాకమానదు.